షికారు బంగ్లా నుంచి మజర్

నా పేరు మజర్. కోరుట్లలో మిక్సీలు, కూలర్లు బాగుచేస్తాను. రెండుసార్లు తప్పి, మూడోసారి హామ్ రేడియో పరీక్ష, అంటే సరదాగా రేడియోలో దూరపు ఊళ్లవాళ్లతో మాట్లాడే లైసెన్సు పరీక్ష, పాసయ్యాను. మా ఆవిడ నిషాత్ మొదటిసారే పాసయింది. ఆమె ఈ మాట ఎవరితోనూ అనదు కాబట్టి నేనే చెబుతున్నాను.

మొన్న జనవరిలో అనుమతి తీసుకుని, రుద్రంగి దగ్గరి రక్షిత అడవిలో రేడియోతో ఒక గుట్ట ఎక్కాను. పైన పాత రాతిగోడలున్నాయి. చెట్టుకు ఏరియల్ తీగ కట్టి గంటసేపు పిలిచినా ఎవరూ పలకలేదు. తీగ రెండో కొసను రేడియోకు తగిలించలేదని అప్పుడు చూశాను. నాతో వచ్చిన అటవీ వాచర్ లింగయ్య మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు.

తగిలించగానే విశాఖపట్నం నుంచి ఒకాయన పలికి, ఎక్కడున్నారని అడిగారు.

"ఎనిమిది వందల ఏళ్ల నాటి రాజుగారి కోటలో" అన్నాను గంభీరంగా.

లింగయ్య నా చెవి దగ్గరికి వంగాడు. "కోట గాదు సాబ్. దొర షికారుకొస్తె దిగే బంగ్లా. జింకలను ఇటు తరమనీకి మా తాత డప్పు కొట్టెటోడు. ఓసారి కావాలనే కొట్టలే. దొర ఒట్టి చేతులతోని పోయిండు."

రాజుగారిని వెనక్కి తీసుకుని, ఆ మాటలే మైకులో చెప్పాను. విశాఖ ఆయన నవ్వి, తాతను దొర ఏమీ అనలేదా అన్నారు. నాకేం తెలుసు? లింగయ్యనే అడిగాను.

"వానకు డప్పు నానిందని చెప్పిండట సాబ్."

మా మాటలు విని రేడియోలో మరో ఐదుగురు కలిశారు. అందరికీ తాత సంగతే కావాలి. లింగయ్య చెబుతుంటే నేను మధ్యాహ్నమంతా మైకులో అప్పజెప్పాను. నా రేడియో గొప్పతనం గురించి ఒక్కరూ అడగలేదు. దాని మీద ఒక ప్రసంగం మాత్రం ఇంటి దగ్గరే బట్టీపట్టి వచ్చాను.