పెంచలయ్యన్న కారులో నేను పీకిన పిన్ను

నిన్న పొద్దున ఫోనొచ్చింది.

పెంచలయ్యన్న కూతురు సుజాత. "నాన్న లేడు బాబాయ్" అనింది. అంతే, పెట్టేసింది.

నేనప్పుడు ఇక్కడే, ఇదే ఫేస్‌బుక్ వాల్ మీద, ఎవడితోనో గొడవ పడతా ఉన్నా. ఫోన్ పక్కన పెట్టి, సగంలో ఉన్న రిప్లై పూర్తి చేసి, పోస్ట్ చేసి, అప్పుడు లేచినా.

మనిషి పొయినాడని తెలిసినాక కూడా నాకు ఆ చివరి వాక్యమే ముఖ్యమైంది. ముందు ఇది ఒప్పుకుంటే తప్ప మిగతాది రాసే అర్హత నాకు లేదు.

టాక్సీ స్టాండ్‌లో కారు ఆపి, టీ తాగి, సీట్లో వెనక్కి వాలినాడంట. మళ్లీ లేవలేదు. గుండె. యాభై ఎనిమిదేళ్లు.

తెలియనివాళ్లకి చెప్తున్నా. మాది నెల్లూరులో ఒక చిన్న గ్రూపు. రొయ్యల గుంటల వల్ల తాగేనీళ్లు ఉప్పగా మారిన ఊళ్లకి పోయి, చూసి, రిపోర్టులు రాసేవాళ్లం. తడ నుంచి కావలి దాకా, పదకొండేళ్లు, మమ్మల్ని తిప్పింది పెంచలయ్యన్న. కారు ఆయనదే.

ఆ రిపోర్టులు తీసి చూడండి. ఫొటో తీసినోళ్ల పేరుంది, టైప్ చేసినోళ్ల పేరుంది. ఆయన పేరు లేదు.

ఇప్పుడు పాటల సంగతి.

ఆ కారు బాగా పాతది. స్టీరియోలో రేడియో తప్ప ఇంకేం లేదు. వైరు తగిలించుకునే ఆక్స్ లేదు, బ్లూటూత్ లేదు. అందుకని అన్న ఒక ట్రాన్స్‌మిటర్ తెచ్చి లైటర్ సాకెట్‌లో గుచ్చినాడు. దాని వైరు చివర పిన్ను. ఆ పిన్ను అగ్గిపెట్టంత ఎంపీత్రీ ప్లేయర్‌లో పెట్టి, రేడియోలో ఖాళీ ఫ్రీక్వెన్సీ పట్టుకుంటే పాట స్పీకర్లలో వచ్చేది.

టౌన్‌లో ఉన్నంతసేపూ గరగర. మధ్యలో ఎవరిదో అడ్వర్టైజ్‌మెంట్ దూరేది. మైపాడు రోడ్డెక్కినాక మాత్రం పాట తేటగా వినపడేది. "చూడు తమ్ముడా, సముద్రం దగ్గరికొచ్చేసరికి ఎంత క్లియరో!" అని, ఆ సముద్రం తనే కట్టించినట్టు చెప్పేవాడు.

అన్నీ భక్తి పాటలే. నాకు ఒళ్లు మండేది.

నాలుగేళ్ల కింద ఒకరోజు హైదరాబాద్ నుంచి ఇద్దరు మిత్రులొచ్చినారు. పొద్దున్నే తడ పోయి, అక్కడ చూడాల్సింది చూసి, సాయంత్రానికి మైపాడు రోడ్డులో ఉన్నాం. అన్న పాట పెట్టినాడు.

నేను పాట మధ్యలో పిన్ను పీకేసినా.

పీకి, నా ఫోన్‌కి తగిలించినా. "అన్నా, ఆ మత్తుమందు చాలుగానీ ఇది విను. నీ గురించే" అన్నా.

ఏం పెట్టినానో తెలుసా? నా ఉపన్యాసం. కార్మికుడి ఎనిమిది గంటల పనిదినం గురించి.

అన్న మొత్తం విన్నాడు. అయిపొయినాక అన్నాడు:

"బో బాగా చెప్పినావు తమ్ముడా. టైమెంత?"

"నాలుగున్నర."

"నేను తెల్లారి నాలుగింటికి స్టీరింగ్ పట్టినా. నీ లెక్కన నా ఎనిమిది ఎప్పుడో అయిపొయినాయి. ఇంక నన్ను నా పాట వినుకోనీ."

వెనక సీటు పగలబడి నవ్వింది. నేనూ నవ్వినా.

పిన్ను మాత్రం తిరిగి పెట్టలేదు.

ఇంటికి పోయి పోస్ట్ రాసినా. 'మా డ్రైవర్ చెవిలో దేవుడు' అని హెడ్డింగు. పాట ఆపించినా, ఉపన్యాసం వినిపించినా, "బో బాగా చెప్పినావు" అన్నాడు, చైతన్యం ఇట్లా మొదలవుతుంది అని ముగించినా.

మిగతా మాట కోసేసినా. ఎందుకంటే ఆ రోజు వాదనలో గెలిచింది ఆయన.

మీలో చాలామంది దానికి పిడికిళ్లు, హృదయాలు పెట్టినారు.

తర్వాతి ట్రిప్‌కి సాకెట్ ఖాళీగా ఉంది. "పాటల్లేవా అన్నా?" అంటే, "మీరు ఎక్కినప్పుడు ఎందుకులే సార్, గమ్మున పోదాం" అన్నాడు.

'తమ్ముడా' పోయి 'సార్' వచ్చింది. నాకది వినపడలేదు. మనిషి మారినాడు అనుకున్నా. నిజంగా. ఒక మీటింగ్‌లో గొప్పగా చెప్పుకున్నా కూడా.

నిన్న అన్నీ అయినాక సుజాత నా పక్కన కూర్చుంది. తిట్టలేదు. మామూలుగానే చెప్పింది.

"ఆ పోస్ట్ నేనే చదివి వినిపించినా బాబాయ్. నాన్న అంతా విని, 'నేనన్న మాట ఏదమ్మే?' అన్నాడు. మళ్లీ చదివించుకున్నాడు. 'కింద కామెంట్లలో ఏమన్నా రాసినాడేమో చూడు, మర్చిపొయ్యుంటాడు' అన్నాడు. అన్నీ చూసినాం. లేదు."

మర్చిపొయ్యుంటాడు అన్నాడంట.

మర్చిపోలేదన్నా. కోసినా.

కామెంట్లలో ఎవరో వస్తారు, నాకు తెలుసు. "ఏం కామ్రేడ్, భక్తుడివైపొయినావా?" అని. కాలేదు. దేవుడి మీద నా అభిప్రాయం అట్నే ఉంది. ఆయన పాటల వెనక ఏదో కన్నీటి కథ ఉందని చెప్పి మిమ్మల్ని కరిగించను కూడా. ఏ కథా లేదు. ఆయనకి ఇష్టం. తన కారులో తన ఇష్టానికి ఒక మనిషి నాకెందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి?

యజమాని కార్మికుడి మాట మింగేస్తాడని పేజీలు పేజీలు రాసినా. నేను మింగిన మాట నాలుగేళ్లు ఆయన గొంతులో ఉండిపొయింది. ఆ నాలుగేళ్లూ పక్క సీట్లోనే ఉన్నా, సారీ అని ఒక్క ముక్క చాలు. చెప్పలా.

ఆ పాత పోస్ట్ డిలీట్ చేద్దామనుకున్నా. చెయ్యను. అది నాకు చాలా సులువు. పెంచలయ్యన్న ఆ రోజు అన్నది అన్నట్టు, పేరుతో సహా, దాని పైనే పెట్టినా. అప్పుడు పిడికిలి పెట్టినోళ్లంతా పోయి చదవండి. ఆ పిడికిలి ఆయనది.

పోయిరా అన్నా.

మా గోల ఏదీ చేరలేనంత ప్రశాంతంగా ఉండు.