బాపు వేలు, నాయనమ్మ టింక్చర్

ఇవాళ టింక్చర్ అయోడిన్ వాసన తగలగానే, చిన్నప్పుడు మా నేతగాళ్ల వాడ దాజీ పేట్‌లో మా బాపు, అంటే నాన్న, వేసిన కేకలు గుర్తొచ్చాయి.

మగ్గంలో ఇరుక్కుని బాపు చేతి బొటనవేలు చీరుకుపోయింది. అది మానేదాకా నేత ఆగినట్టే. నాయనమ్మ రెండు పూటలా పుండు మీద టింక్చర్ పోసేది.

"మంట పుడితెనే మందు పనిచేస్తది. ఓర్సుకో బిడ్డా!"

బాపు కేకకు గల్లీ అంతా లేచేది. అరుపు పెద్దదైతే తొందరగా మానుతుందని నా లెక్క. "ఇంకింత పొయ్యి నాయనమ్మా" అనేదాన్ని.

ఎంతకీ మానకపోతే డాక్టరును పిలిచారు. ఆయన తల పట్టుకున్నాడు.

"అమ్మా, అంచుల నుంచి కొత్త తోలు వస్తున్నది. రోజూ పోస్తే అది గూడ కాలిపోతది. బస్, బంద్ చెయ్యిండ్రి!"

నాయనమ్మ టింక్చర్ ఆపింది, బాపు కేకలూ ఆగాయి. ఇక వేలు మీద ఆశ వదిలేశారనుకుని బెంగపడ్డాను.

ఒక పొద్దున కేకకు బదులు మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. బాపు వేలి మీద గులాబీ రంగులో లేత చర్మం.

పుండును కాస్త దాని మానాన వదిలేస్తే చాలని ఇప్పుడు తెలుసు. నాయనమ్మ మాత్రం ఆ కేకలే పనిచేశాయని చివరిదాకా అంటూనే ఉంది.