వెనక యాక్సిల్ సంగతి సోమవారం చెప్తానన్నారు

మా మెకానిక్ మేస్త్రి గారు పోయారు. ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరుతూ, తెల్ల చొక్కాకి బొత్తాలు పెట్టుకుంటూ మంచం మీద ఒరిగిపోయారట. భార్య కాఫీ తెచ్చేసరికి అంతా అయిపోయింది. ఫోన్లో ఈ మాట చెప్పినవాణ్ణి నేను తిట్టాను. "పొద్దున్నే ఏం మాటలయ్యా అవి? నిన్న మధ్యాహ్నమే ఆయనతో పోట్లాడి వచ్చాను" అన్నాను. నిన్న పోట్లాడిన మనిషి ఇవాళ లేకుండా ఎలా పోతాడు? ఆ క్షణంలో నాకు అంతకంటే పెద్ద రుజువు తోచలేదు. వారం దాటింది. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. భీమవరం దాటాక కాలవగట్టు రోడ్డులో ఓ రేకుల షెడ్డు, దానికి బోర్డు కూడా లేదు. నేను కొన్నేళ్లు ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పి, ఆ జీతంతో వేగలేక, పాత పికప్ బండి కొని రొయ్యల చెరువులకు ఐసు తోలడం, తిరుగుదారిలో రొయ్యలు తేవడం మొదలుపెట్టాను. బండి మొదటిసారి మొరాయించినప్పుడు ఆ షెడ్డుకే తోయించుకెళ్లాను. "ఇదివరకు ఏం చేసేవారండి?" అని అడిగారు. చెప్పాను. ఆ రోజునుంచీ నన్ను పేరు పెట్టి పిలవలేదు, మాస్టారనే పిలిచారు. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దాయన అలా పిలుస్తుంటే మొదట్లో సిగ్గుపడేవాణ్ణి. పోనుపోను అలవాటైపోయింది, నోరు కూడా లేచింది.

ఆయన పద్ధతి వేరు. బండిని వినకుండా పానా ముట్టుకునేవారు కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇనుము మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. మధ్యలో మనం నోరు తెరిస్తే చెయ్యెత్తి ఆపేవారు. విన్నాక గోనెసంచి పరిచి బండి యజమానిని కూడా కిందికి రమ్మనేవారు. "మీ బండి కడుపు మీరు చూడకపోతే ఎలాగండి?" అనేవారు. ఇస్త్రీ చొక్కాలతో వచ్చిన చెరువుల ఆసాములు సైతం ఆ గోనె మీద పాకినవాళ్లే. చెడిపోయింది అనే మాట ఆయన నోట నేను వినలేదు. "అలిసిందండి" అనేవారు, ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు. "బండి అబద్ధం ఆడదు మాస్టారూ. తోలేవాళ్లమే ఆడతాం" అని నా వంక చూసి నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

ఈ మధ్య నా బండి వెనకనుంచి మూలుగు మొదలైంది. లోడు వేస్తే మరీ ఎక్కువ. తోటి డ్రైవర్లందరూ వెనక చక్రాల్ని తిప్పే యాక్సిల్ పని అయిపోయిందని తేల్చారు. దారులు రెండున్నాయన్నారు. ఉన్నదాన్నే లావు రాడ్లు, బరువు మోసే కమాన్ పట్టీలు ఇంకొన్ని వేసి బలపరచడం ఒకటి. మొత్తం పీకేసి పెద్ద బండి యాక్సిల్ ఎక్కించడం ఇంకోటి. నాకు రెండోదే కావాలి. మంగళవారం ఓ పెద్ద చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది. దానికి ఐసంతా నేనే తోలతానని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటే ఆ ఆసామి చెరువులన్నీ ఈ సీజన్లో నా చేతిలోవే. తుక్కు బళ్ల దగ్గర వెతికి పెద్ద యాక్సిల్ ఒకటి నేనే తెచ్చి షెడ్డులో పడేశాను.

శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి బండి చక్రాలు లేకుండా జాకీల మీద ఉంది. ఈయనేమో బల్ల మీద కూర్చుని తీరిగ్గా సాసర్లో టీ తాగుతున్నారు.

"ఇంకా బిగించలేదేంటండి?"

"బిగించడం ఎంతసేపండి. మీదాన్ని బలపరిచినా, ఇది ఎక్కించినా ఆర్నెల్లే. మళ్లీ మూలుగుద్దండి."

"ఎందుకు మూలుగుతుంది?"

"ఇది బరువుకొచ్చిన జబ్బులా లేదండి. ఏంటో ఇంకా దొరకలేదు. సోమవారం చెప్తాను."

నాకు తల తిరిగిపోయింది. "మీకు జబ్బు దొరికేదాకా చెరువులో రొయ్యలు ఆగుతాయా? వయసైపోయింది మేస్త్రి గారూ మీకు. చేతకాకపోతే చెప్పండి, వేరే షెడ్డుకి తోయించుకుపోతాను" అన్నాను. అక్కడున్న ఇద్దరు డ్రైవర్లు తలలు దించుకున్నారు. ఆయన సాసరు కింద పెట్టారు.

"సోమవారం రండి మాస్టారూ. అప్పుడూ ఇదే మాటంటే ముందు నేనే ఒక చెయ్యేసి తోస్తానండి."

నాకోసం పోయించిన టీ ముట్టుకోకుండా వచ్చేశాను. ఆయనతో నా ఆఖరి మాట చేతకాకపోతే చెప్పండి అన్నదే. ఇంత వయసొచ్చి, పిల్లలకి పాఠాలు చెప్పి, నేను నేర్చుకున్న మాట తీరు అది.

సోమవారం సమాధి జరిగింది. అందరూ పాట పాడారు. వెనకే నిలబడ్డాను. ఆఖరి చూపుకి ఎవరో ముందుకి నెడితే వెళ్లాను. ఆ మొహం ఎవరిదో అనిపించింది. చేతులు చూశాను. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు అలాగే ఉంది. అది చూశాకే ఆ పోయింది ఆయనేనని నాకు తెలిసింది.

మంగళవారం పట్టుబడికి ఐసు ఇంకెవరి బండిలోనో వెళ్లింది. చక్రాలైనా తగిలించుకుని నా బండిని తీసుకుపోదామని షెడ్డుకి వెళ్లాను. ఆయన భార్య వచ్చి తాళం తీశారు. తలుపు తెరిస్తే బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. నేను తెచ్చిన పెద్ద యాక్సిల్ పడేసినచోటే పడి ఉంది. నా పాతదే శుభ్రంగా కడిగి, కొత్త బేరింగులు వేసి, బిగించేశారు.

"మీరెళ్లాక అన్నానికి కూడా రాలేదండి" అన్నారావిడ. "సాయంత్రం వచ్చి, మాస్టారి బండి జబ్బు దొరికిందే అన్నారు. అది మాస్టారు చేతులారా చేసుకున్నదే, పదిమందిలో చెప్తే చిన్నబుచ్చుకుంటారు, సోమవారం పక్కకి పిలిచి మెల్లిగా చెప్తానన్నారండి. అదేంటో నాకూ చెప్పలేదు."

బండి కిందికి దూరి పైకి చూశాను. బాడీ అడుగున నేను పొడిచిన చిల్లు కనిపించింది. కరిగిన ఐసు నీళ్లు నిలవకుండా మా వైపు తోలేవాళ్లందరం డ్రిల్లుతో ఓ చిల్లు పొడుస్తాం. నేను పొడిచింది సరిగ్గా యాక్సిల్‌కి గాలాడే చిన్న గొట్టం నెత్తిమీద. ఆ గొట్టం మూత ఎప్పుడు ఊడిందో నేను చూసుకోలేదు. రొయ్యల ఉప్పునీళ్లు ట్రిప్పు ట్రిప్పుకీ చుక్కచుక్కగా లోపలికి దిగాయి. యాక్సిల్లోంచి తీసి పక్కన డబ్బాలో పెట్టిన ఆయిలు, నీళ్లు కలిసి పాలు పోసిన టీ రంగులో ఉంది. అక్కడ ఎంత పెద్ద యాక్సిల్ పెట్టినా దాని గతీ అంతే. గొట్టానికి ఆయన కొత్త మూత పెట్టారు. చిల్లుకి రబ్బరు పైపు తొడిగి, తీగతో కట్టి, యాక్సిల్ దాటించి బండి వెనకదాకా తెచ్చి వదిలారు.

అక్కడే పడుకుని ఏడ్చాను. తర్వాత లేచి, ఆవిణ్ణి బకెట్టుతో నీళ్లు అడిగి బాడీలో పోశాను. ఒక్క చుక్క కూడా యాక్సిల్ మీద పడలేదు. నీళ్లన్నీ పైపులోంచి వచ్చి వెనక నేల మీద పడ్డాయి.

"జబ్బంటే ఇదేనా అండి?" అన్నారావిడ.

"ఇదేనండి. నేను చేసిందే."

ఆవిడ బండి వెనక గొంతుక్కూర్చుని, తడిసిన మట్టినే కాసేపు చూశారు. "ఇంకో బకెట్టు పొయ్యండి, చూస్తాను" అన్నారు.

పోశాను. వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆయన తొడిగిన పైపులోంచి నీళ్లు సన్నగా, ఆగకుండా వస్తూనే ఉన్నాయి.