డైరీలో రాసిన మాట

నేను మాట మరిచిపోయే మనిషిని కాను. మా పెళ్ళిరోజున చర్చి మెట్ల మీద మా పెద్దమ్మ, "మనవాళ్ళలో పిల్లగాళ్ళే కరువయ్యారటే?" అన్నప్పుడు ఆమె కట్టుకున్న చీర రంగు కూడా నాకు గుర్తే. మా ఆయనది మణిపూర్. గన్నవరంలో ఒక హోటల్లో వంట చేస్తారు. నేను అక్కడికి దగ్గర్లోని ఆసుపత్రిలో నర్సుని. మా అమ్మాయికి ఆయన కళ్ళు వచ్చాయి. మాట మాత్రం అచ్చంగా మా కృష్ణా జిల్లా మాటే.

ఏడో తరగతికి వచ్చాక స్కూలు వ్యాన్‌లో పిల్లలు దాన్ని "చింకీ" అనడం మొదలుపెట్టారు. "చైనాకి ఎప్పుడెళ్తావే?" అని అడిగేవారట. వారం రోజులు నాకు చెప్పలేదు. చెప్పిన రోజు కూడా అది ఏడ్చింది పిల్లల గురించి కాదు, ఆటల సారు గురించి. కబడ్డీ జట్టుకు పిల్లల్ని ఎంచుతూ ఆయన, "ఏయ్ చింకీ, నువ్వు కరాటేకి పో, మీవాళ్ళకి పుట్టుకతోనే వచ్చేసిద్దిగా" అన్నారట. అందరూ నవ్వారట.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళాను. గేటు దాటనివ్వలేదు.

"ఏదన్నా ఉంటే డైరీలో రాయండమ్మా, మేడంగారు చూస్తారు," అన్నాడు వాచ్‌మన్. ఆ స్కూలు పద్ధతి అంతే. తల్లిదండ్రుల మాట పిల్లల డైరీలోనే లోపలికి వెళ్ళాలి.

రాశాను. ఆసుపత్రిలో రోగి చెప్పింది చెప్పినట్టు రాయడం నాకు అలవాటు. ఎవరు, ఏ రోజు, ఏ మాట అన్నారో ఒక్కటీ వదలకుండా రెండు పేజీలు నింపాను. అమ్మాయి పక్కనే కూర్చుని, "ఆ మాట రాయొద్దు మమ్మీ" అంది. "రాయకపోతే వాళ్ళకెలా తెలుస్తుందే?" అన్నాను.

డైరీలు ముందు క్లాస్ లీడర్ చేతికి వెళతాయని నాకు తెలియదు. నిజం చెప్పాలంటే, కనుక్కుందామని కూడా అనుకోలేదు. ఇంటర్వెల్‌లోపే ఆ రెండు పేజీలూ క్లాసంతా చదివేసింది. ఆ తర్వాత క్లాస్ టీచర్, న్యాయం చేద్దామనుకుంది కాబోలు, మా అమ్మాయిని లేపి నిలబెట్టి, "ఈ అమ్మాయిని చింకీ అన్నవాళ్ళు చేతులెత్తండి" అందట. ఒక్క చెయ్యీ లేవలేదు. దాని వ్యాన్‌లో రాని పిల్లలు కూడా ఆ రోజే ఆ మాట నేర్చుకున్నారు.

అప్పటి నుంచి అది రోజూ పొద్దున్నే వాంతి చేసుకునేది. నేను జ్వరం చూసేదాన్ని. జ్వరం ఉండేది కాదు.

"నన్నంటే పడ్డాను కదా. దాన్నెందుకు అందరి మధ్యా నిలబెట్టావు?" అన్నారు మా ఆయన. అది కూడా మరిచిపోలేదు నేను.

నాలుగుసార్లు తిరిగితే ప్రిన్సిపాల్ గదిలోకి రానిచ్చారు.

"పిల్లలన్నాక అనుకుంటారండీ," అన్నారు ఆవిడ.

"మరి సారు కూడా పిల్లాడేనాండీ?"

"సరదా మనిషండీ ఆయన. మా బాబుని బఠాణీ అంటారు. మేం కేసులు పెట్టామా?"

ఆటల సారునీ, క్లాసులోంచి మా అమ్మాయినీ పిలిపించారు. ఆయన నవ్వుకుంటూ వచ్చి అమ్మాయి తల మీద చెయ్యి వేసి, "సారీ తల్లీ, ఇంకెప్పుడూ అననులే. ఇంతకీ నీ పేరేంటి?" అని అడిగారు. అది ఆ స్కూల్లో చేరి అప్పటికి ఐదేళ్లు.

ప్రిన్సిపాల్ ఒక కాగితం నా ముందుకు జరిపారు. సమస్య తీరిపోయిందనీ, నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదనీ టైపు చేసి ఉంది.

"పెట్టెయ్ మమ్మీ సంతకం," అంది అమ్మాయి మెల్లగా.

నేను పెట్టలేదు.

"అయితే టీసీ తీసుకెళ్ళండమ్మా," అన్నారు ఆవిడ. తీసుకున్నాను. పౌరుషం నాది. స్కూలు పోయింది మాత్రం దానికి.

తర్వాతి వారం వేరే స్కూలు చూద్దామని హనుమాన్ జంక్షన్ బస్సెక్కాం. దారంతా అది నా చెయ్యి పట్టుకుని ఒకటే బతిమాలింది. "ఇక్కడ ఎవరేమన్నా నువ్వు పోట్లాడకు మమ్మీ. నేను చూసుకుంటా. ప్రామిస్ చెయ్యి."

చేశాను.

ఆఫీసులో ఫారం ఇస్తూ క్లర్కమ్మ అమ్మాయి మొహంలోకి తేరిపార చూసింది.

"నేపాల్ వాళ్ళాండీ? పాపకి తెలుగు వచ్చా?"

నేను నోరు తెరవబోయాను. బల్ల కింద అమ్మాయి నా మోకాలు గట్టిగా నొక్కింది.

"అవునండీ, నేపాలే," అంది నా కూతురు నవ్వుతూ. "తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నానండీ."