ప్రసన్నలక్ష్మి తాళాలు

మా గౌరక్కను రెండో సంబంధానికి ఇచ్చారని నేనెప్పుడూ బాధపడలేదు. జయపురంలో తిరుమలరావు బావకు రైసుమిల్లుంది, మనిషి నెమ్మదస్తుడు, పోయిన మొదటి భార్యకు పిల్లల్లేరు, ఇంకేం కావాలనుకున్నాం. మొదటావిడ ఆ ఇల్లు వదిలి వెళ్ళలేదని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పరు కదా.

ఆవిడ ఒక క్యాసెట్టులో ఉండేది. పోయే ముందు కార్తీకమాసంలో ఆ ఇంట్లో ఆడవాళ్ళ భజన జరిగితే బావ టేపురికార్డరులో పట్టాడు. పదిమంది పాడారు. ప్రసన్నలక్ష్మి గారు పాడలేదు. ఆవిడకు గొంతు కలవదట, అందుకని ఓ పక్కన కూర్చుని చిన్న తాళాలు వాయించింది. మూడు నెలలకే కామెర్లతో పోయింది. ఆవిడ చేసిన చప్పుడంటూ ఈ లోకంలో మిగిలింది ఆ తాళాల మోత ఒక్కటే. బావ రోజూ మధ్యాహ్నం మిల్లు నుంచి వచ్చి, భోంచేసి, కళ్ళు మూసుకుని ఆ భజనంతా వినేవాడు. ఆ గదిలోకి అక్క వెళ్ళేది కాదు. ఆయనా పిలిచేవాడు కాదు.

తొంభై ఏడులో నేను జయపురం మెయిన్ రోడ్డులోనే టీవీలూ రేడియోలూ అమ్మే కొట్టు పెట్టాను. మొదటి నెలలోనే బావ వచ్చి కూర్చున్నాడు.

"రఘూ, తాళాలు తగ్గిపోతన్నాయిరా. టేపు అరిగిపోతందేటి?"

క్యాసెట్టు విశాఖపట్నం పంపించి సీడీ చేయించాను. మంచి సీడీ ప్లేయరు కూడా తెప్పించాను. నాలుగు రోజులు బావ మొహం వెలిగిపోయింది. ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, తాళాలు మసకబారాయని. అప్పుడు డాక్ అమ్మాను. సీడీలో అంకెలుగా ఉన్న పాటను మళ్ళీ ధ్వనిగా మార్చే పెట్టె అది. తర్వాత ఆ పెట్టెకూ ప్లేయరుకూ మధ్య వైరు మార్చాను. స్పీకర్లు మార్చాను. రెండువేల నాలుగులో ఆ డాక్ తీయించి, దానికంటే పెద్దది రాయగడ మీదుగా రైల్లో తెప్పించాను. క్యాసెట్టులో లేనిది ఏ పెట్టే పుట్టించలేదని నాకు తెలుసు. అయినా అమ్మాను. నా సిగ్గు నాకుంది.

ఇన్నేళ్ళలో బావ చెవిని నేను అనుమానించలేదు. మిల్లు బయట రోడ్డు మీద నిలబడి లోపల ఏ మిషనుకు పొట్టు తీసే రబ్బరు రోలరు అరిగిందో చెప్పేవాడు. లమ్తపుట్ నుంచి ధాన్యం తెచ్చిన రైతులు ఆ విద్య చూసి నోరు వెళ్ళబెట్టేవారు. ముప్పై ఏళ్ళుగా అదే మోతలో నిలబడ్డ చెవులవి అన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. తట్టకపోవడమే నా వ్యాపారానికి బాగుంది.

కొత్త డాక్ బిగించిన ఆదివారం, బావ స్నానానికి వెళ్తే వంటింట్లోకి వెళ్ళాను. అక్క కూర కలుపుతోంది. నా వైపు తిరగలేదు.

"మళ్ళీ తెచ్చేవేటిరా?"

"ఇదే ఆఖరిది."

"క్యాసెట్టున్నప్పుడు ఆవిడ పక్కగదిలో ఉన్నట్టుండేది. సీడీ ఒచ్చేక గుమ్మంలోకొచ్చింది. నువ్వా పెట్టి తెచ్చేక, ఇదిగో, ఈ పీట మీద కూకుంది." అక్క గరిటె పక్కన పెట్టింది. "ఆయనేమో నేదు నేదని సౌండు పెంచుతారు. నాకు నిద్దట్లో కూడా ఆ తాళాలే. సొంత తమ్ముడివి, నువ్వే తెచ్చి కూకోబెట్టేవు."

అక్కకు ఇంతగా వినిపిస్తున్నది బావకు వినిపించకపోవడమేమిటి? సంచిలో పరీక్ష డిస్కు ఉంది. సన్నని ఈల మొదలై మెల్లగా పైకి, తాళాల మోత ఉండే ఎత్తుకు, ఇంకా పైకి పోతుంది. బావ రాగానే కూర్చోబెట్టి, వినిపించినంతసేపూ వేలెత్తి ఉంచమన్నాను. ఈల ఇంకా సగం పైకైనా పోలేదు, వేలు దిగిపోయింది. వంటింట్లో అక్క రెండు చెవులూ మూసుకుంది.

"అయిపోయిందేటి? నీ డిస్కూ ఇంతేనేటిరా?" అన్నాడు బావ.

ఈల మోగుతూనే ఉంది.

నేను అక్క దగ్గరికి పరుగెత్తాను. "చెవులు పోయాయక్కా. తాళాలు ఎక్కడికీ పోలేదు, ఆయన చెవులే పోయాయి" అన్నాను గుసగుసగా. అక్క మాట్లాడేలోగా లోపల భజన మొదలైంది. ఆ వెంటనే బావ కేక వేశాడు.

"గౌరీ, ఒకసారిలా రా."

పదకొండేళ్ళలో భజన మోగుతుండగా అక్కను ఆ గదిలోకి పిలవడం అదే మొదటిసారి.

"నీవి లేత సెవులు. నిజం సెప్పు. తాళాలున్నాయా నేదా? నేవంటే ఈ డిస్కు తీసి అటక మీద పడేస్తాను. మరెప్పుడూ ఎయ్యను."

ఒక్క మాట. లేవంటే చాలు, ఆ ఇల్లు మా అక్కదవుతుంది. స్పీకర్లోంచి తాళాలు సూదుల్లా గుచ్చుతున్నాయి. నేను బావ వెనక నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాను, లేవని చెప్పు, లేవని చెప్పు అని. అక్క నన్ను చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది.

"ఉన్నాయండీ" అంది. "శుభ్రంగా ఉన్నాయి. మీకే ఇనిపించటం నేదు."

"ఎక్కడ?"

అక్క ఆయన పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, చూపుడువేలితో దాని మీద తట్టింది. "ఇక్కడ. ఇదిగో, ఇక్కడ. మళ్ళీ ఇక్కడ." బావ పసివాడిలా ఏడ్చాడు.

వీధి అరుగు మీద అక్కను పట్టుకుని తిట్టాను. బుద్ధుందా, చేతికందిన దాన్ని కాలదన్నుకున్నావు కదా అన్నాను.

"నేవంటే ఆవిణ్ణి నాను సంపినట్టే గదరా" అంది.

బావ మళ్ళీ నా కొట్టుకు ఏ పెట్టె కోసమూ రాలేదు. విశాఖపట్నంలో చెవుల డాక్టరుకు చూపిద్దామంటే, "ఎందుకురా, గౌరి ఉంది గదా" అన్నాడు. సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మరుసటేడు రథయాత్ర ముందు ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. కరెంటు లేదు. పెట్టెల మీద ఒక్క లైటూ వెలగడం లేదు. బావ కళ్ళు మూసుకుని కుర్చీలో ఉన్నాడు. అక్క పక్కన కూర్చుని ఆయన చేతి మీద వేలితో తడుతోంది. ఎక్కడా ఆగడం లేదు, తప్పడం లేదు. భజనంతా ఆ వేలికి వచ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ నన్ను ఇద్దరూ చూడలేదు.

"ప్రసన్నా" అన్నాడు బావ.

"ఇక్కడే ఉన్నానండీ" అంది మా అక్క.