కాటా ముందు నోరు మూసుకున్న వారం

అనకాపల్లి బెల్లం వ్యాపారంలో నన్ను మించిన బేరగాడు లేడనుకునే రోజుల్లో, నా దగ్గరున్న అందరిలోకీ నమ్మకమైన పనివాణ్ణి, అందునా సొంత అక్క మొగుణ్ణి, కూలీలందరి ముందు ఒక్క మాటతో పంపించేసిన ఘనత నాది. అంత గొప్ప నిర్ణయం మా కొట్ల వీధిలో మరొకరు తీసుకోలేదు. మొన్న మా అబ్బాయి పెట్టించిన కొత్త తూకం మిషను తెర మీద ఒక్కో బరువుకీ తనంతట తానే చుక్క పెట్టి గీత కలుపుకుంటూ పోతుంటే, అదంతా గుర్తొచ్చి అలాగే నిలబడిపోయాను.

అప్పట్లో మా షెడ్డులో అరకిలో బెల్లం అచ్చులు పోసేవాళ్ళం. బావ గరిటెతో పాకం పోసేవాడు. నేను నిండిన ప్రతి అచ్చునూ కాటా మీద పెట్టి, బరువు పుస్తకంలో రాసుకుంటూ, కాస్త తగ్గితే పెంచమనీ, కాస్త పెరిగితే నా బెల్లం ఊరందరికీ పంచిపెడుతున్నావా అనీ పొద్దుటినుంచి సాయంత్రందాకా నోరు ఆడిస్తూనే ఉండేవాణ్ణి. కొట్టు మీద పెరిగినవాడికి కాటా ముందు ఊరుకోవడం చేతకాదని మీలో వ్యాపారం చేసినవాళ్ళకి తెలుసు. పాయకరావుపేట వ్యాపారి ఒకాయన తూకం తక్కువని సరుకు తిప్పి పంపిన రోజున, ఆ కోపమంతా బావ మీద తీర్చుకుని, కూలీలందరి ముందే రేపట్నుంచి రావద్దన్నాను. అతను గరిటె నెమ్మదిగా కింద పెట్టాడు.

“నువ్వు సెప్పినప్పుడల్లా సెయ్యి మార్సేను బావా. ఇంక నా సెయ్యేటో నాకే తెల్దు.”

అంతే, వెళ్ళిపోయాడు. కొత్త మనిషి వచ్చాడు. నా అరుపులూ అవే, తూకంలో తేడాలూ అవే.

వారం తిరక్కుండా బావ కూతురు వచ్చింది. మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే పిల్ల. బతిమాలడానికి వచ్చిందనుకుని మనసులో బేరం సిద్ధం చేసుకుంటే, ఆమె అడిగింది బరువుల పుస్తకం. గళ్ళ కాగితం మీద వాళ్ళ నాన్న పోసిన ఒక్కో బరువుకీ ఒక్కో చుక్క పెట్టి, మధ్యలో సగటు గీత, ఆ బరువుల్నే లెక్కగట్టి పైనా కిందా హద్దు గీతలు గీసింది. హద్దుల మధ్య చుక్కలు ఎగిరిపడడం ఏ పనిలోనైనా మామూలేననీ, హద్దు దాటినప్పుడే కారణం వెతకాలనీ చెప్పింది. చుక్కలన్నీ లోపలే ఉన్నాయి. అలవాటు చొప్పున, ఒకటి రెండు చుక్కలైనా బయటపడేలా కింది గీతను కాస్త పైకి జరపమని అడిగాను.

“బేరవాడ్డానికి ఇదేటి మావయ్యా, కూరగాయల సంతా? ఆ గీతలు నీ బరువులే గీసేయి. ఇందులో మా నాన్న తప్పేదో సూపించు.”

చూపించలేకపోయాను. పైగా హద్దులు అంత వెడల్పుగా రావడానికి, పోసే చేతిని మాటిమాటికీ కదిపిన నా నోరే కారణమని ఆమె అనుమానం. కొత్త మనిషి పోస్తుంటే ఒక్క వారం మాట్లాడకుండా బరువులు మాత్రం రాయమంది. పంతం కొద్దీ సరేనని, నోట్లో వక్కపొడి కుక్కుకుని కూర్చున్నాను. వారం చివర చూస్తే చుక్కలు ఒకదానికొకటి దగ్గరగా చేరాయి, హద్దులూ ఇరుకయ్యాయి. ఒకే ఒక్కటి హద్దు దాటింది. వెతికితే, ఆ పూట వాడింది నేను గీచి గీచి బేరమాడి చవగ్గా తెచ్చిన లోతు ఎక్కువ గరిటె!

ఆ సాయంత్రమే షేర్ ఆటో ఎక్కి కశింకోట వెళ్ళి, తప్పు నాదేనని బావ గుమ్మంలో నిలబడి చెప్పాను. మర్నాడు పొద్దున్నే వచ్చి గరిటె పట్టాడు. నేనూ మొండిగా ఆ రోజునుంచి ప్రతి పూటా చుక్కలు పెట్టాను; చుక్క హద్దు దాటితే తప్ప నోరు విప్పలేదు.

ఇప్పుడు పాకం మిషనే పోస్తుంది, చుక్కలూ మిషనే పెడుతుంది. పోసే చెయ్యీ లేదు, అరిచే నోరూ లేదు, షెడ్డులో మోటారు చప్పుడు తప్ప మనిషి మాట వినబడదు.

చివరి లెక్క నిజాయితీగా చెప్పాలంటే, సరుకు తిరిగి రావడం ఆగింది, షెడ్డు నిలబడింది, బావ ఓపికున్నన్నాళ్ళూ నా దగ్గరే పనిచేశాడు. కాకపోతే తిరిగొచ్చిన రోజునుంచి నన్ను “షావుకారు గారూ” అనే పిలిచాడు. మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా అదే పిలుపు. మళ్ళీ బావా అనలేదు.