చాందిని చెంప మీద పులిపిరి

మొన్న టాటానగర్ గోల్‌మురిలో ఒక పెళ్ళి విందులో ఉన్నాను. నన్ను ఎవరో పిలిచారని కాదు. పెళ్ళికొడుకును నా గుర్రం మీద ఊరేగించి దింపాక, భోంచేసి వెళ్ళమన్నారు. ఐస్‌క్రీమ్ బల్ల దగ్గర ఒకాయన స్టీలు డబ్బాలోంచి ఏదో వంపగానే తెల్లటి పొగ గుప్పున లేచి, బల్ల అంచు మీదుగా నేలకు జారింది. ఆ చలి నా మొహానికి తగిలింది. పక్కనున్న పట్టుచీరావిడ అదేం పొగ అని హిందీలో అడిగింది. ఆవులకు సూది వెయ్యడానికి ఆంబోతు వీర్యం దాచే డబ్బాలో ఉండే పొగ అని ఉన్నమాట చెప్పాను. ఆవిడ కప్పు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. మా డాక్టరమ్మ ఉంటే ఆ కప్పు కూడా తానే తినేసేవారు.

డాక్టరమ్మంటే పార్వతమ్మగారు, పశువుల డాక్టరు. శ్రీకాకుళం వైపు మనిషి. సిద్ధగోరాలో ఇంటి ముందు వరండాయే ఆవిడ ఆసుపత్రి. కుక్కలు ఆవిడను చూసి వణికేవి, వాటిని తెచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువ వణికేవారు. నాకు నలభై ఏడేళ్ళ వయసులో అక్షరాలు నేర్పింది ఆవిడే. నేర్పించుకుందామని నేను వెళ్ళలేదు. గుర్రానికి మందు కోసం వెళ్ళాను.

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆయన గుర్రం చాందిని. పెళ్ళి ఊరేగింపులకు దాన్ని తిప్పుకుంటూ నేను బతికాను, నన్ను నమ్ముకుని అది బతికింది. దానికి ఇంకో రకంగా కూడా పేరుండేది. మా పేటలో ఎవరికి పులిపిరి లేచినా మా ఇంటికే వచ్చేవారు. గుర్రం తోక వెంట్రుకను పులిపిరి మొదట్లో బిగించి కడితే ఎండి రాలిపోతుందని మావాళ్ళ నమ్మకం. ఒక్క వెంట్రుకే కదా అని నేనూ కాదనేదాన్ని కాదు. పెళ్ళిళ్ళ రోజులు వచ్చేసరికి చాందిని తోక అరిగిపోయిన చీపురులా అయ్యేది. ఊరేగింపుకు ముందు దానికి నా సవరం కట్టేదాన్ని.

అలా ఊరందరి పులిపిర్లు రాల్చిన గుర్రానికి, చెంప మీద కళ్ళెం వారు ఒరుసుకునే చోట, ఒక పులిపిరి లేచింది. శెనగగింజంత ఉండేది. ఏం చెయ్యాలో నాకు తెలియదా? తోక వెంట్రుక పీకబోయాను. పక్కింటి పైడమ్మ వదిన ఆపింది.

"దాని ఎంటిక దానికే పని సేత్తదేటి? ఏరే గుర్రందవ్వాల."

అది నాకూ సబబుగానే తోచింది. టాటానగర్ స్టేషన్ దగ్గర మిగిలిన ఒకే ఒక్క టాంగా గుర్రాన్ని వెతికి పట్టుకుని, దాని యజమానిని బతిమాలి రెండు వెంట్రుకలు తెచ్చి కట్టాను. పదిరోజుల్లో శెనగగింజ నిమ్మకాయంత అయింది. రసి కారింది. ఈగలు మూగాయి.

బ్యాండ్ మేస్త్రీ వచ్చి చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "దీదీ, ఏ నహీ చలేగా, ఇది కుదర్దు. ఫోటోలో పెళ్ళికొడుకు కన్నా గడ్డే ముందు పడతాది. లగ్గాల లోపల తగ్గనేదా, రాంచీ నుంచి ఏరే గుర్రాన్ని తెత్తాను" అన్నాడు. ఆయన పిలవకపోతే మా ఇద్దరికీ మేత లేదు.

చాందినిని ఆ వరండా ముందుకు తోలుకెళితే, డాక్టరమ్మ గడ్డను చూడలేదు. ముందు వెంట్రుకను చూశారు.

"ఎవులే కట్టినారు దీన్ని?"

"నానేనమ్మా."

"నీ తలకాయకి కట్టుకోవాల్సింది. ఇది మామూలు పులిపిరి కాదే. కెలికితే రెచ్చిపోద్ది."

వెంట్రుక విప్పుతూ నాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆవులకు పులిపిర్లు తెప్పించే వైరస్ ఒకటుంది. ఆవు మీద అది మామూలు పులిపిరే, చాలావరకు దానంతటదే పోతుంది. అదే గుర్రం ఒంటి మీద గాయంలోకి చేరితే ఇలాంటి మొండి గడ్డ లేస్తుంది. ఈగలు కూడా దాన్ని మోసుకొస్తాయంటారు. లోపలికి పాకి ప్రాణం తీసే రకం కాదు, కానీ కోసినా మళ్ళీ లేవచ్చు.

నేను ఇంకేమీ వినలేదు. ఆవు అన్న మాట ఒక్కటే విని నేరుగా పైడమ్మ వదిన గుమ్మంలోకి వెళ్ళాను. చాందినిని కట్టే చోటికి నాలుగడుగుల దూరంలోనే ఆవిడ ఆవు గౌరి ఉండేది. దాని మెడ మీద పులిపిర్లు ఉండేవి.

"నీ ఆవే నా గుర్రానికి అంటించింది!"

"ఓలమ్మో! మా గౌరి గడ్డి తింటది గానీ మీ గుర్రం మొగం తింటదేటి? గోమాత్నంటావా? నీ నాలికి పడిపోను!"

పన్నెండేళ్ళుగా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళ మధ్య ఆరోజుతో మాటలు ఆగిపోయాయి.

గడ్డ ఎలా ఉందో రోజూ వచ్చి చెప్పమన్నారు డాక్టరమ్మ. చింతపిక్కంత ఉందని చెప్పాను. "ఏ సింతపిక్క? పెద్దదా సిన్నదా? నిన్న ఉసిరికాయన్నావు. ఇది గుర్రమా, కూరల కొట్టా? రాసి పట్టుకురా" అని అరిచారు. నాకు రాయడం రాదన్నాను.

"నేర్సుకో. గుర్రం నేర్సుకోదు గదా."

కుక్కల మధ్య కూర్చుని వరండాలోనే నేర్చుకున్నాను. అందరూ అమ్మ, ఆవు అని మొదలుపెడతారట. నేను మొదట రాసిన మాట ఈగ. తర్వాత గడ్డ, రసి, పక్కు. అక్షరాలు కాస్త కుదిరాక, గడ్డ సంగతులు రాసే పుస్తకంలో కష్టపడి ఒక పూర్తి వాక్యం రాసి, మెచ్చుకుంటారని చూపించాను. 'ఇది పైడమ్మ ఆవు వల్ల వచ్చింది.'

డాక్టరమ్మ ఎర్రకలంతో దాన్ని కొట్టేశారు.

"నువ్వు సూసినావేటి?"

"మీరే అన్నారుగదమ్మా, ఆవు నుంచని."

"ఆవుల్నుంచి అన్నాను. ఆ ఆవన్నానా? ఏ ఆవుదో, ఏ ఈగ తెచ్చిందో నువ్వూ సూడనేదు, నానూ సూడనేదు. సూసింది రాయి. అనుకున్నది రాయకు."

తర్వాత గడ్డను చలితో గడ్డకట్టించి చంపుతానని మా వాకిట్లోకి స్టీలు డబ్బా తెచ్చారు. చాందినికి మత్తుసూది వేసి, పొగలు కక్కే ఆ మందును గడ్డకు పట్టించారు. కొన్ని వారాల ఎడంతో మూడుసార్లు చేశారు. కానీ ఆ డబ్బా మా పేటంతటికీ తెలిసినదే. ఆవు ఎదకొచ్చినప్పుడల్లా అదే వస్తుంది. మొదటిసారే పైడమ్మ వదిన గోడ మీంచి చూసింది. సాయంత్రానికల్లా డాక్టరమ్మ గుర్రానికి ఆంబోతు సూది వేసిందని, కొమ్ములున్న గుర్రప్పిల్ల పుడుతుందని పేటంతా పాకింది. పుడితే మొదటి జున్ను తమకే కావాలని ఇద్దరు వచ్చి చెప్పిపోయారు. డాక్టరమ్మకు చెబితే స్కూటరు ఆపి మరీ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. లగ్గాలకు వారం ముందు బ్యాండ్ మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. గడ్డ ఎండి రాలిపోయింది, అది చూసి సంతోషించాడు. కానీ కడుపుతో ఉన్న గుర్రం మీద పెళ్ళికొడుకును ఎక్కించనన్నాడు. పేటలో సగం మంది మా వాకిట్లో చేరారు. గోడ మీద పైడమ్మ వదిన తల కనిపిస్తోంది. డాక్టరమ్మ వచ్చి ఒక్క మాట చెబితే అయిపోతుందని కబురు పెట్టాను. "నీ గుర్రం, నీ పుస్తకం. నువ్వే సదువు" అని తిరుగు కబురు పంపారు.

నలుగురి ముందు నేను చదవడం అదే మొదలు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. ఈగలు తగ్గాయి. పక్కు కట్టింది. పక్కు రాలింది. మధ్యలో ఎర్రగీత వచ్చింది. దాటెయ్యాలని చూశాను, నోరు ఒప్పుకోలేదు. "ఇది పైడమ్మ ఆవు వల్ల వచ్చింది. కొట్టివేత. నేను చూడలేదు" అని అదీ చదివేశాను.

"అదంతా సరే దీదీ, కడుపు సంగతి?" అన్నాడు మేస్త్రీ.

లేదని అరవాలనిపించింది. కానీ పుస్తకంలో అది లేదు, నేను గుర్రం కడుపులోకి చూడలేదు. "కడుపు... సూడనేదు" అన్నాను. మేస్త్రీ చేతులు దులుపుకుని లేచాడు. చాందిని బతుకు నా చేతులారా పోగొట్టుకున్నాననుకున్నాను.

"కూకో బాబూ!" అని గోడ మీంచి వినపడింది. "ఏ కడుపూ లేదు. ఆ కడుపు నా నోట్లోంచి పుట్టింది. నా ఆవుని అన్నాదని కోపంతో నానే పుట్టించినాను. ఆ డాట్రమ్మ డబ్బా ఎట్టింది సెంప మీద. నా కళ్ళతో సూసినాను. సెంపకి కడుపొత్తదేటి?"

వాకిలంతా గొల్లున నవ్వింది. మేస్త్రీ కూర్చున్నాడు. ఆ వారం చాందిని ఊరేగింది. చలి తగిలిన చోట, ఆ బూడిదరంగు చెంప మీద, వెంట్రుకలు తర్వాత తెల్లగా వచ్చాయి. అది లక్ష్మీకళ అని మేస్త్రీయే ప్రచారం చేసుకున్నాడు. పైడమ్మ వదిన ఆ సాయంత్రం గోడ మీంచి కూరగిన్నె అందించింది.

పోయిన వర్షాకాలంలో డాక్టరమ్మ మంచం పట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా తగ్గిపోతుందని చెప్పి వెళ్ళేవారు. ఆవిడ నావైపు తిరిగి, "నువ్వు సెప్పవే" అన్నారు. "ఇయాల రెండు ముద్దలు తిన్నారమ్మా. నన్ను మూడుసార్లు తిట్టినారు" అన్నాను. "అది. అలగ రాయాల" అని కళ్ళు మూసుకుని నవ్వారు. నెల తిరగకుండానే పోయారు.

ఆ గడ్డ మళ్ళీ లేవచ్చు, లేవకపోవచ్చు. రోజూ పొద్దున్నే మేత వేసి, చాందిని చెంప తడిమి చూసి, పుస్తకం తీస్తాను. తగ్గిపోయింది అని ఇప్పటిదాకా ఒక్కరోజూ రాయలేదు. ఈ పొద్దున కూడా రాసింది రెండు మాటలే.

ఇవాళ లేదు.